విద్యుత్ అంతరాయం తర్వాత డేటాబేస్ పునరుద్ధరణ

పని మధ్యలో హఠాత్తుగా కరెంటు పోయి ఆగిపోయిన డేటాబేస్ సర్వర్‌ను, అందులోని సమాచారం చెదరకుండా మళ్లీ నడిచే స్థితికి తేవడాన్ని డేటాబేస్ పునరుద్ధరణ అంటారు. ఇందులో రెండు షరతులు నెరవేరాలి. కరెంటు పోయేలోగా ‘పూర్తయింది’ అని సర్వర్ మాట ఇచ్చిన ప్రతి లావాదేవీ నిలవాలి. పూర్తికాని లావాదేవీ జాడ ఒక్కటీ మిగలకూడదు. బ్యాంకు ఖాతాలు, రైలు టికెట్లు, ఆస్పత్రి రికార్డులు, భూముల రిజిస్ట్రేషన్లు అన్నీ ఈ రెండు షరతుల మీదే నడుస్తున్నాయి. నేటి ప్రధాన డేటాబేస్‌లు ఈ పనిలో చాలా భాగం తమంతట తామే చేసుకుంటాయి. అయితే డిస్కు, కంట్రోలర్, సెట్టింగులు, బ్యాకప్ అన్నీ కరెంటు ఉన్న రోజుల్లోనే సరిగ్గా అమరి ఉంటేనే ఆ సామర్థ్యం అక్కరకొస్తుంది.

కరెంటు పోయిన క్షణంలో జరిగేది

డేటాబేస్ తన సమాచారాన్ని పేజీలుగా విభజించి దాచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లోనూ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ ఒక్కో పేజీ 8 కిలోబైట్లు. మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీలో మామూలుగా 16 కిలోబైట్లు. ఏ వరుసను మార్చాలన్నా ముందు ఆ పేజీని డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చి, అక్కడ మార్పు చేస్తుంది. మారిన పేజీని అప్పటికప్పుడు డిస్కుకు రాయదు. ప్రతి చిన్న మార్పుకూ అలా రాస్తూ పోతే సర్వర్ పని ముందుకు సాగదు. అందువల్ల ఏ క్షణంలో చూసినా మెమరీలో ఉన్నది ఒకటి, డిస్కు మీద ఉన్నది మరొకటి.

మెమరీ కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది. సరఫరా ఆగాక కంప్యూటర్‌లోని పవర్ సప్లై యూనిట్ పూర్తి లోడు మీద సుమారు 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే నెట్టుకురాగలదు. మన 50 హెర్ట్‌జ్ సరఫరాలో ఒక్క ఆవృతికి పట్టే 20 మిల్లీసెకన్ల కన్నా ఇది తక్కువ. ఆ వ్యవధిలో మెమరీలోని గిగాబైట్ల సమాచారాన్ని డిస్కుకు చేర్చడం కుదరని పని.

ఫలితంగా మూడు రకాల నష్టం జరగవచ్చు. ఒకటి, పూర్తయిన లావాదేవీల మార్పులు డిస్కును చేరకుండానే మెమరీతో పాటు పోవడం. రెండు, మెమరీలో చోటు కోసం మధ్యలోనే డిస్కుకు పంపిన పేజీల్లో పూర్తికాని లావాదేవీల మార్పులు మిగిలిపోవడం. మూడు, సరిగ్గా రాస్తున్నప్పుడే కరెంటు పోయి, ఒక పేజీలో సగం కొత్తది, సగం పాతది ఉండిపోవడం. మూడో రకాన్ని చిరిగిన పేజీ అంటారు. ఈ మూడింటికీ వేర్వేరు విరుగుడులు ఉన్నాయి.

చరిత్ర

లావాదేవీ అనే భావనకు శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో ప్రముఖుడు అమెరికన్ శాస్త్రవేత్త జిమ్ గ్రే. 1970ల్లో కాలిఫోర్నియాలోని ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో రూపుదిద్దుకున్న సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో ఆయన పనిచేశారు. సిస్టమ్ ఆర్‌లో మారిన పేజీని పాత చోట కాకుండా కొత్త చోట రాసి, అంతా సవ్యంగా ముగిశాక చిరునామా మార్చే పద్ధతిని, మార్పులను వరుసగా నమోదు చేసే లాగ్‌తో కలిపి వాడారు. దీన్ని ఛాయా పేజీల పద్ధతి అంటారు. రేమండ్ లోరీ 1977లో దీన్ని వివరించారు. పక్కపక్కన ఉండాల్సిన పేజీలు డిస్కు నిండా చెల్లాచెదురు కావడం దీనిలోని పెద్ద లోపం. అనుభవం మీద సిస్టమ్ ఆర్ బృందమే 1981 నాటి పత్రంలో లాగ్ వైపు మొగ్గింది. లావాదేవీలపై చేసిన కృషికి గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం దక్కింది. 2007 జనవరి 28న శాన్ ఫ్రాన్సిస్కో తీరం నుంచి ఒంటరిగా పడవలో వెళ్లిన ఆయన తిరిగి రాలేదు.

జర్మన్ శాస్త్రవేత్తలు థియో హెర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ 1983లో అప్పటివరకు వచ్చిన పునరుద్ధరణ పద్ధతులన్నిటినీ ఒక చోట చేర్చి వర్గీకరించారు. అవిభాజ్యత, నిలకడ, ఏకాంతత, శాశ్వతత అనే నాలుగు గుణాలకు కలిపి ‘ఏసిడ్’ అని పేరు పెట్టింది వారే. వీటిలో మొదటిదీ చివరిదీ నేరుగా పునరుద్ధరణ మీద ఆధారపడ్డవి.

1992లో ఐబీఎం అల్మడెన్ పరిశోధనశాల నుంచి ‘ఏరీస్’ అనే పద్ధతి ప్రచురితమైంది. దాని ప్రధాన రచయిత సి. మోహన్ తమిళనాడులో పుట్టి, మద్రాసు ఐఐటీలో చదువుకున్నవారు. డాన్ హేడర్లే, బ్రూస్ లిండ్సే, హమీద్ పిరాహేష్, పీటర్ ష్వార్ట్జ్ సహరచయితలు. డీబీ2, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ పద్ధతినే అనుసరించాయి. తక్కిన డేటాబేస్‌లలో చాలావాటి మీద దీని ప్రభావం కనిపిస్తుంది.

ముందు లాగ్, తర్వాతే పేజీ

పునరుద్ధరణకు మూలసూత్రం ఒక్కటే. ఏ మార్పు జరిగినా, ఆ మార్పు వివరం ముందుగా లాగ్ ఫైల్‌లో రాయాలి. లాగ్ డిస్కును చేరాకే మారిన పేజీ డిస్కును చేరాలి. దుకాణంలో ఏ రోజు బేరం ఆ రోజు చిట్టాలో వరుసగా ఎక్కించి, తీరిక చూసుకుని ఆవర్జాలో ఎవరి ఖాతా కింద వారిది వేసినట్టు, డేటాబేస్ కూడా లాగ్‌ను వెంటనే, పేజీలను తీరిగ్గా రాస్తుంది. ఆవర్జా తడిసి పాడైనా చిట్టా ఉంటే లెక్క మళ్లీ కట్టవచ్చు.

లాగ్‌లోని ప్రతి నమోదుకూ పెరుగుతూ పోయే ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను మారిన పేజీ మీద కూడా వేస్తారు. పేజీ మీది సంఖ్య చూస్తే ఏ నమోదు వరకు మార్పులు ఆ పేజీలో చేరాయో తెలిసిపోతుంది. లావాదేవీ ముగిసినప్పుడు కమిట్ అనే నమోదు లాగ్‌లో పడుతుంది. అది డిస్కు మీద భద్రంగా చేరిందని ఆపరేటింగ్ సిస్టమ్ హామీ ఇచ్చాకే సర్వర్ వాడుకరికి ‘పూర్తయింది’ అని చెబుతుంది. ఆ హామీ కోసం డేటాబేస్ చేసే పిలుపు పేరు ఎఫ్‌సింక్.

పేజీలు డిస్కులో ఎక్కడెక్కడో ఉంటాయి. లాగ్ మాత్రం వరుసగా, ఒకే చివర పెరుగుతుంది కాబట్టి దాన్ని రాయడం త్వరగా అవుతుంది. అయినా తిరిగే డిస్కుకు ఒక భౌతిక పరిమితి ఉంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక్కో కమిట్‌కు లాగ్ చివర ఒక్కో రాత అవసరమైతే సెకనుకు దాదాపు 120 కమిట్‌లకు మించి సాధ్యం కాదు. అందుకే ఒకే సమయానికి వచ్చిన అనేక లావాదేవీల కమిట్‌లను కలిపి ఒకే రాతతో డిస్కుకు చేర్చే పద్ధతి వచ్చింది. దాన్ని గ్రూప్ కమిట్ అంటారు.

చెక్‌పాయింట్

లాగ్ మొదటినుంచీ చదవాలంటే పునరుద్ధరణకు రోజులు పడుతుంది. అందుకని డేటాబేస్ అప్పుడప్పుడు మెమరీలోని మారిన పేజీలను డిస్కుకు పంపి, ‘ఇంతవరకు భద్రం’ అని లాగ్‌లో గుర్తు పెట్టుకుంటుంది. ఇదే చెక్‌పాయింట్. పోస్ట్‌గ్రెస్‌లో దీని గడువు మామూలుగా 5 నిమిషాలు. అంతకుముందే లాగ్ బాగా పెరిగితే గడువు తీరకుండానే చెక్‌పాయింట్ మొదలవుతుంది. చెక్‌పాయింట్లు దగ్గరదగ్గరగా ఉంటే పునరుద్ధరణ త్వరగా ముగుస్తుంది కానీ రోజువారీ రాతల భారం పెరుగుతుంది. దూరదూరంగా ఉంటే రోజువారీ పని తేలికవుతుంది, ప్రమాదం తర్వాత నిరీక్షణ పెరుగుతుంది. తమ సంస్థ ఎన్ని నిమిషాల నిరీక్షణను తట్టుకోగలదో తేల్చుకుని ఈ సెట్టింగును ఎంచుకోవాలి.

ఏరీస్: మూడు దశలు

కరెంటు వచ్చి సర్వర్ మొదలవగానే ఏరీస్ పద్ధతి మూడు దశల్లో సాగుతుంది. మొదటిది విశ్లేషణ. చివరి చెక్‌పాయింట్ నుంచి లాగ్ చదివి, ఏ లావాదేవీలు ముగిశాయో, ఏవి మధ్యలో ఆగాయో, ఏ పేజీలు డిస్కును చేరకపోయి ఉండవచ్చో జాబితా కడుతుంది. రెండోది తిరిగి చేయడం. మూడోది వెనక్కి తీయడం. ఒక చిన్న ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది.

మొదటి లావాదేవీ ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు 1,000 రూపాయలు పంపుతోంది. రెండోది ఇంకో రెండు ఖాతాల మధ్య 500 పంపుతోంది. లాగ్‌లో నమోదులు ఇలా పడ్డాయి.

101: మొదటి లావాదేవీ, పేజీ 7, నిల్వ 5,000 నుంచి 4,000.
102: రెండో లావాదేవీ, పేజీ 12, నిల్వ 800 నుంచి 300.
103: మొదటి లావాదేవీ, పేజీ 9, నిల్వ 2,000 నుంచి 3,000.
104: మొదటి లావాదేవీ, కమిట్.
105: రెండో లావాదేవీ, పేజీ 15, నిల్వ 100 నుంచి 600.

105 వరకు లాగ్ డిస్కును చేరింది. రెండో లావాదేవీ కమిట్ కాకముందే కరెంటు పోయింది. పేజీల్లో 12 మాత్రమే డిస్కును చేరింది. అంటే డిస్కు మీద ఉండాల్సిన 1,000 బదిలీ లేదు, ఉండకూడని 500 కోత ఉంది.

విశ్లేషణలో మొదటి లావాదేవీ నెగ్గినట్టు, రెండోది ఓడినట్టు తేలుతుంది. తిరిగి చేసే దశలో 101 నుంచి ఒక్కో నమోదునూ పరిశీలిస్తుంది. పేజీ 7 మీద ఉన్న సంఖ్య 101 కన్నా చిన్నది కాబట్టి మార్పు మళ్లీ చేస్తుంది. పేజీ 12 మీద ఇప్పటికే 102 అని ఉంది కాబట్టి దాన్ని వదిలేస్తుంది. 103ను పేజీ 9 మీద, 105ను పేజీ 15 మీద మళ్లీ చేస్తుంది. ఓడిన లావాదేవీ మార్పును కూడా మళ్లీ చేయడం ఇక్కడ గమనించాల్సిన విషయం. కరెంటు పోయిన క్షణంలో డేటాబేస్ ఎలా ఉందో ముందు సరిగ్గా అలాగే నిలబెట్టాలన్నది ఏరీస్ నియమం. జరిగిన చరిత్రను ఉన్నదున్నట్టు పునరావృతం చేశాకే దిద్దుబాటు మొదలవుతుంది.

వెనక్కి తీసే దశ చివరినుంచి మొదలవుతుంది. 105ను రద్దు చేసి పేజీ 15లో నిల్వను తిరిగి 100 చేస్తుంది. ఆ రద్దును కూడా 106వ నమోదుగా లాగ్‌లో రాస్తుంది. తర్వాత 102ను రద్దు చేసి పేజీ 12లో 800 నిలిపి, 107 రాస్తుంది. 106 రాశాక మళ్లీ కరెంటు పోయిందనుకుందాం. 105 రద్దయిందని, ఇక రద్దు చేయాల్సింది 102 అని 106వ నమోదే చెబుతుంది. కాబట్టి రెండోసారి మొదలైనప్పుడు 105ను మళ్లీ రద్దు చేసే ప్రమాదం లేదు. కరెంటు ఎన్నిసార్లు వచ్చి పోయినా చివరికి తేలే లెక్క ఒక్కటే. పిడుగుల వానలో సరఫరా పదేపదే తెగే ఊళ్లలో సర్వర్లు బతికి బట్టకడుతున్నాయంటే ఈ గుణమే కారణం. పునరుద్ధరణ శాస్త్రంలో ఇంత పటిష్ఠమైన ఆలోచన మరొకటి లేదు.

ఒక్కో డేటాబేస్ తీరు

పోస్ట్‌గ్రెస్‌లో ముందస్తు లాగ్ 2001లో వచ్చిన 7.1 వెర్షన్‌తో మొదలైంది. లాగ్‌ను మామూలుగా 16 మెగాబైట్ల ముక్కలుగా దాస్తుంది. ఇందులో వెనక్కి తీసే దశ లేదు. వరుసను మార్చినప్పుడు పాతదాన్ని చెరపకుండా కొత్త ప్రతిని పక్కన ఉంచుతుంది కాబట్టి, కమిట్ కాని లావాదేవీ రాసిన ప్రతులు ఎవరికీ కనబడవు. వాటిని వాక్యూమ్ అనే ప్రక్రియ తర్వాత ఊడ్చేస్తుంది.

ఇన్నోడీబీ ముందు, మార్పులను తిరిగి చేసేందుకు ఉంచిన రీడో లాగ్‌ను వర్తింపజేసి, సర్వర్ తలుపులు తెరిచాక పూర్తికాని లావాదేవీలను వెనక నుంచి రద్దు చేస్తుంది. ఒరాకిల్‌లో ఈ బాధ్యత ఎస్‌మాన్ అనే నేపథ్య ప్రక్రియది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గంటల తరబడి నడిచిన లావాదేవీ ఆగిపోతే దాన్ని రద్దు చేయడానికీ చాలా సమయం పట్టేది. 2019 వెర్షన్‌లో వచ్చిన వేగవంతమైన పునరుద్ధరణ సౌకర్యం, పాత ప్రతులను డేటాబేస్‌లోనే ఉంచుకోవడం ద్వారా ఈ ఇబ్బందిని తొలగించింది.

మన ఫోన్లలోని యాప్‌లు ఎక్కువగా వాడే ఎస్‌క్యూలైట్ మామూలుగా పాత పేజీలను ముందు జర్నల్ ఫైల్‌లో దాచి, తర్వాత అసలు ఫైల్‌ను మారుస్తుంది. మధ్యలో ఆగితే, తర్వాత తెరిచిన ప్రోగ్రామ్ జర్నల్‌లోని పాత పేజీలను తిరిగి పెడుతుంది. ముందస్తు లాగ్ పద్ధతి కూడా దీనిలో 2010 నుంచి ఉంది. పక్కన కనబడిన జర్నల్ ఫైల్‌ను చెత్త అనుకుని తొలగిస్తే, బాగుపడే అవకాశం ఉన్న డేటాబేస్ చేతులారా పాడైపోతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో 2010 నాటి 5.5 వెర్షన్ వరకు పట్టికలు మామూలుగా మైఐసామ్ పద్ధతిలో ఉండేవి. దానికి లావాదేవీలూ లేవు, లాగ్ ద్వారా కోలుకోవడమూ లేదు. పాత సర్వర్లలో ఇలాంటి పట్టికలు ఇంకా ఉంటే కరెంటు పోయిన తర్వాత రిపేర్ ఆదేశాలు నడపాల్సిందే. కొన్ని వరుసలు పోయినా ఆశ్చర్యం లేదు.

చిరిగిన పేజీలు

డిస్కు ఒక్క దెబ్బలో హామీగా రాయగలిగేది 512 బైట్లు లేదా 4 కిలోబైట్ల సెక్టారు. 8 లేదా 16 కిలోబైట్ల పేజీ అంతకన్నా పెద్దది కాబట్టి సగంలో చిరిగే ప్రమాదం ఉంటుంది. లాగ్‌లో ‘ఈ వరుసను ఇలా మార్చు’ అన్న చిన్న నమోదు మాత్రమే ఉంటే, చిరిగిన పేజీ మీద దాన్ని వర్తింపజేయడం అర్థరహితం.

పోస్ట్‌గ్రెస్ దీనికి విరుగుడుగా ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీ మొదటిసారి మారినప్పుడు ఆ పేజీ మొత్తాన్నీ లాగ్‌లో రాసుకుంటుంది. ఇన్నోడీబీ ప్రతి పేజీనీ ముందు డబుల్‌రైట్ అనే ప్రత్యేక స్థలంలో రాసి, అది భద్రమయ్యాక అసలు చోట రాస్తుంది. రెండు ప్రతుల్లో ఒకటి తప్పక బాగుంటుంది. పేజీతో పాటు దాచే సరిచూపు సంఖ్య అయిన చెక్‌సమ్, పేజీ చెడిందని కనిపెడుతుంది తప్ప బాగుచేయదు. పోస్ట్‌గ్రెస్‌లో 2025 నాటి 18వ వెర్షన్ నుంచి కొత్త డేటాబేస్‌లకు చెక్‌సమ్‌లు మామూలుగానే అమలవుతున్నాయి.

డిస్కు మాట తప్పితే

ఇంతవరకు చెప్పినదంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ‘రాశాను’ అని డిస్కు చెబితే అది నిజంగా రాసి ఉండాలి. చాలా డిస్కుల్లో కరెంటుతో పాటు చెరిగిపోయే చిన్న మెమరీ ఉంటుంది. రాత అక్కడికి చేరగానే పని అయిపోయిందని చెప్పే డిస్కులు ఉన్నాయి. అలాంటి డిస్కు మీద లాగ్ సూత్రం కాగితం మీదే మిగిలిపోతుంది.

సంస్థల కోసం తయారుచేసే ఎస్‌ఎస్‌డీల్లో, కరెంటు పోయాక కూడా మెమరీలోనిది శాశ్వత చిప్‌ల మీదకు చేర్చేంత శక్తి నిలవచేసే కెపాసిటర్లు ఉంటాయి. పలు డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కంట్రోలర్లలో బ్యాటరీ ఆ పని చేస్తుంది. ధర తక్కువని ఇళ్లలో వాడే రకం ఎస్‌ఎస్‌డీని సర్వర్‌లో పెట్టడం పొదుపు కాదు. 2013లో అమెరికా పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకు మధ్యలో కరెంటు తీసి పరీక్షించగా 13 అనూహ్యంగా ప్రవర్తించాయి. కొన్నిట్లో సమాచారం చెడింది, కొన్నిట్లో రాసింది పోయింది, ఒకటి పూర్తిగా పనిచేయడం మానేసింది.

డిస్కు నిజాయితీని అంచనా వేయడానికి సులువైన మార్గం ఉంది. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే పీజీ_టెస్ట్_ఎఫ్‌సింక్ అనే సాధనం సెకనుకు ఎన్ని ఎఫ్‌సింక్‌లు జరుగుతున్నాయో చూపుతుంది. బ్యాటరీ ఉన్న కంట్రోలర్ లేకుండా, 7,200 చుట్ల డిస్కు సెకనుకు వేలల్లో చూపిస్తే ఆ డిస్కు మాట తప్పుతున్నట్టే.

సెట్టింగుల్లోనూ ఇలాంటి తేడాలు ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రోనస్ కమిట్ ఆపితే, కరెంటు పోయినప్పుడు చివరి సెకనులోపు కొన్ని కమిట్‌లు పోవచ్చు కానీ డేటాబేస్ చెదరదు. ఎఫ్‌సింక్‌నే ఆపితే మొత్తం డేటాబేస్ పనికిరాకుండా పోవచ్చు. ఇన్నోడీబీలో కమిట్ సమయంలో లాగ్ రాత సెట్టింగును 1 నుంచి 2కు మారిస్తే సుమారు ఒక సెకను లావాదేవీలు పణంగా పెట్టినట్టు. వేగం కోసం ఈ సెట్టింగులు మార్చేవారు ఏది పోగొట్టుకోవడానికి సిద్ధపడుతున్నారో రాసి పెట్టుకోవాలి.

కరెంటు వచ్చాక చేయాల్సిన పనులు

మొదటి పని తొందర మానడం. సరఫరా వచ్చిన కొద్దిసేపటికే మళ్లీ పోవడం మామూలే. సరఫరా నిలకడగా ఉందని, యూపీఎస్ బ్యాటరీలు కొంతైనా చార్జ్ అయ్యాయని చూశాకే సర్వర్‌ను వేయాలి. తర్వాత రెయిడ్ కంట్రోలర్, డిస్కుల స్థితి చూడాలి. ఆపరేటింగ్ సిస్టమ్ సందేశాల్లో డిస్కు లోపాలు కనబడితే డేటాబేస్‌ను మొదలుపెట్టకూడదు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు తమ జర్నల్‌తో తామే కోలుకుంటాయి. అవి లోపం చూపిస్తే ముందు ఆ సంగతి తేల్చాలి.

ఏ మాత్రం అనుమానం ఉన్నా, డేటాబేస్ ఆగి ఉన్నప్పుడే డేటా ఫోల్డర్ మొత్తాన్నీ లాగ్‌తో సహా వేరే డిస్కుకు కాపీ చేయాలి. పునరుద్ధరణలో ఇంతకన్నా విలువైన జాగ్రత్త లేదు. ఆ తర్వాత చేసే ప్రయత్నం బెడిసికొట్టినా మళ్లీ మొదటికి రావచ్చు. కాపీ తీయకుండా చేసిన ప్రయత్నం విఫలమైతే నిపుణులు వచ్చినా చేయగలిగింది కొద్దిగానే ఉంటుంది.

ఇప్పుడు సర్వర్‌ను మామూలుగా మొదలుపెట్టి దాని సందేశాలు చదవాలి. పోస్ట్‌గ్రెస్ అయితే డేటాబేస్ సవ్యంగా ఆగలేదని, ఆటోమేటిక్ రికవరీ జరుగుతోందని చెబుతుంది. తర్వాత రీడో ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చూపుతుంది. ముగింపు దగ్గర నమోదు పొడవు చెల్లదు అన్న వాక్యం కనబడితే కంగారుపడనక్కర్లేదు. చాలా సందర్భాల్లో లాగ్ అక్కడితో అయిపోయిందని మాత్రమే దాని అర్థం. కనెక్షన్లకు సిద్ధం అన్న వాక్యం వచ్చేవరకు ఓపిక పట్టాలి. ఆలస్యమవుతోందని ప్రక్రియను మధ్యలో చంపితే పని మళ్లీ మొదటికొస్తుంది. 15వ వెర్షన్ నుంచి పని ఎంతవరకు వచ్చిందో సర్వర్ ఎప్పటికప్పుడు చెబుతోంది.

పాత ప్రక్రియ సంఖ్యను దాచుకున్న పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైల్ అడ్డుపడితే, నిజంగా ఏ సర్వర్ ప్రక్రియా నడవడం లేదని నిర్ధారించుకోకుండా దాన్ని తొలగించకూడదు. ఒకే డేటా మీద రెండు సర్వర్లు నడిస్తే జరిగే నష్టం కరెంటు పోయినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

తనంతట తాను లేవకపోతే

ఆటోమేటిక్ పునరుద్ధరణ విఫలమైతే ముందు చూడాల్సింది బ్యాకప్ వైపు. నమ్మదగిన బ్యాకప్, అప్పటినుంచి దాచిన లాగ్ ముక్కలు ఉంటే, వాటిని కలిపి కరెంటు పోయిన క్షణం దగ్గరివరకు డేటాబేస్‌ను నడిపించవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ సౌకర్యం 2005 నాటి 8.0 వెర్షన్ నుంచి ఉంది.

బ్యాకప్ లేనప్పుడే బలవంతపు మార్గాలు. ఇన్నోడీబీలో ఫోర్స్ రికవరీ అనే సెట్టింగుకు 1 నుంచి 6 వరకు స్థాయిలు ఉన్నాయి. 1తో మొదలుపెట్టి, సర్వర్ లేవకపోతేనే ఒక్కో మెట్టు ఎక్కాలి. 4, ఆపై స్థాయిల్లో డేటా ఫైళ్లు శాశ్వతంగా చెడే ప్రమాదం ఉంది. సర్వర్ లేవగానే పట్టికల్లోని సమాచారమంతా వేరే ఫైల్‌లోకి డంప్ తీసి, కొత్త డేటాబేస్‌లో నింపాలి. బలవంతంగా లేపిన సర్వర్‌ను అలాగే వాడుకలో ఉంచకూడదు.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_రీసెట్‌వాల్ అనే సాధనం లాగ్‌ను పక్కనపెట్టి సర్వర్‌ను లేపుతుంది. అది లేచినా లెక్కలు పొంతన కుదరవు. సగం జరిగిన లావాదేవీలు కనబడవచ్చు, వెతుకులాటకు వాడే ఇండెక్స్‌లు పట్టికలతో సరిపోకపోవచ్చు. అది చిట్టచివరి ప్రయత్నం. లాగ్ ఫోల్డర్‌ను ఖాళీ స్థలం కోసం తొలగించడం కూడా ఇంతే ప్రమాదం. పేరు చూసి మామూలు లాగ్ అనుకుని ఇలా చాలామంది నష్టపోయినందువల్లే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఆ ఫోల్డర్‌కు కొత్త పేరు పెట్టారు.

లేచాక సరిచూడడం

సర్వర్ లేచినంత మాత్రాన పని ముగియదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చెక్‌డీబీ, మైఎస్‌క్యూఎల్‌లో చెక్ టేబుల్, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_ఆమ్‌చెక్ నడపాలి. ఏ డేటాబేస్ అయినా ఒకసారి పూర్తి డంప్ తీస్తే ప్రతి వరుసా చదివినట్టవుతుంది, చెడిన పేజీ ఉంటే చాలావరకు బయటపడుతుంది. డంప్ ఇండెక్స్‌లను చదవదు కాబట్టి వాటిని విడిగా సరిచూడాలి.

తర్వాత బయటి ఆధారాలతో పోల్చాలి. చివరి నిమిషాల్లో ఇచ్చిన రసీదులు, బ్యాంకు పంపిన చెల్లింపుల వివరాలు, వెళ్లిన ఎస్సెమ్మెస్‌లు డేటాబేస్‌తో సరిపోవాలి. వాడుకరి తెర మీద ‘పూర్తయింది’ అని రాకముందే కరెంటు పోతే ఆ లావాదేవీ జరిగిందో లేదో అతనికి తెలియదు. చెల్లింపు మళ్లీ నొక్కితే డబ్బు రెండుసార్లు పోకుండా, ప్రతి అభ్యర్థనకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి అప్లికేషనే కాపాడాలి.

ప్రధాన సర్వర్ మార్పులను ఎప్పటికప్పుడు అందుకునే ప్రతి సర్వర్లు, అంటే రెప్లికాలు, ఉన్నచోట మరో చిక్కు ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో రెప్లికాలకు మార్పులు పంపే బిన్‌లాగ్‌ను ప్రతి కమిట్‌కూ డిస్కుకు చేర్చకపోతే, కరెంటు వచ్చాక ప్రధాన సర్వర్‌లో లేని మార్పులు రెప్లికాలో ఉండిపోవచ్చు. అంతరాయంలో రెప్లికాను ప్రధాన సర్వర్‌గా మార్చి ఉంటే, పాత సర్వర్‌ను తిరిగి ప్రధాన సర్వర్‌గా లేపకూడదు. రెండింటికీ రాతలు వెళ్తే తర్వాత వాటిని కలపడం దాదాపు అసాధ్యం. పాతదాన్ని కొత్తదానికి అనుగుణంగా వెనక్కి తెచ్చి చేర్చాలి. అంతా సవ్యమని తేలగానే కొత్త బ్యాకప్ తీయాలి.

కొన్ని ఘటనలు

2015 ఆగస్టు 13న బెల్జియంలోని గూగుల్ డేటా సెంటర్‌కు కరెంటు ఇచ్చే స్థానిక గ్రిడ్ మీద వరుసగా నాలుగు పిడుగులు పడ్డాయి. బ్యాటరీలు పదేపదే ఖర్చయిన కొన్ని స్టోరేజ్ యంత్రాల్లో అప్పుడే రాసిన సమాచారం కొంత పోయింది. శాశ్వతంగా పోయింది డిస్కు స్థలంలో 0.000001 శాతం కన్నా తక్కువని సంస్థ ప్రకటించింది. అంత పెద్ద ఏర్పాటులోనూ నష్టం సున్నా కాలేదు.

2017 మే 27న లండన్‌లో హీత్రో దగ్గరి డేటా సెంటర్‌లో కరెంటు పోయి బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయాయి. సుమారు 75,000 మంది ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. సరఫరాను తిరిగి కలిపినప్పుడు వచ్చిన పోటు వల్లే పెద్ద నష్టం జరిగిందని మాతృసంస్థ అధిపతి చెప్పారు.

అదే ఏడాది జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది కరెంటు ప్రమాదం కాదు, ఒక ఇంజినీరు పొరపాటున ప్రధాన సర్వర్ డేటా ఫోల్డర్‌ను తొలగించడం. కానీ అప్పుడు బయటపడిన సంగతి అందరికీ పాఠం. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ల తేడావల్ల రోజువారీ డంప్ విఫలమవుతూ వచ్చింది. ఆ హెచ్చరిక మెయిళ్లు ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి మిగతాది దక్కింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు అదే భవనంలోని, అదే ఊళ్లోని బ్యాకప్ అక్కరకు రాదు. కనీసం ఒక ప్రతి వేరే ఊళ్లో ఉండాలన్న నియమం తీరప్రాంతానికి మరీ ముఖ్యం.

ముందు జాగ్రత్తలు

యూపీఎస్ పని గంటల తరబడి నడిపించడం కాదు, సర్వర్ సవ్యంగా ఆగేంత సమయం ఇవ్వడం. యూపీఎస్‌ను సర్వర్‌కు కేబుల్‌తో కలిపి, బ్యాటరీ తగ్గగానే డేటాబేస్‌ను ఆపే సాఫ్ట్‌వేర్ పెట్టాలి. ఈ కేబుల్ కలపని యూపీఎస్‌లు మన కార్యాలయాల్లో కొల్లలు. లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగానికి పడిపోతుంది. రాయలసీమ, తెలంగాణ ఎండల్లో ఏసీ లేని గదిలో ఉన్న బ్యాటరీని కంపెనీ చెప్పిన గడువు వరకు నమ్ముకోకూడదు.

ప్రతి సంస్థా రెండు ప్రశ్నలకు ముందే జవాబు రాసుకోవాలి. ఎన్ని నిమిషాల సమాచారం పోయినా తట్టుకోగలం? ఎన్ని గంటలు సర్వర్ లేకుండా ఉండగలం? మొదటి జవాబు బ్యాకప్, రెప్లికాల అమరికను నిర్ణయిస్తుంది. రెండోది యంత్రాలను, మనుషులను నిర్ణయిస్తుంది. పంచాయతీ కార్యాలయం జవాబు, బ్యాంకు జవాబు ఒకటి కానక్కర్లేదు.

పరీక్ష

పరీక్షించని పునరుద్ధరణ ఏర్పాటును ఏర్పాటుగా లెక్కించకూడదు. వాడుకలోకి తెచ్చేముందే కొత్త సర్వర్ మీద లావాదేవీలు నడుపుతూ, కమిట్ అయినవాటిని మరో యంత్రంలో నమోదు చేస్తూ, మధ్యలో ప్లగ్ లాగెయ్యాలి. లేచాక రెండు జాబితాలూ పోల్చాలి. ఒక్క కమిట్ తగ్గినా డిస్కో, సెట్టింగో తప్పు. ఆ యంత్రాన్ని సరిచేసేవరకు ప్రజల సమాచారం దానిమీద పెట్టకూడదు. బ్యాకప్‌ను కూడా కనీసం మూడు నెలలకొకసారి ఖాళీ సర్వర్‌లో పూర్తిగా నింపి, ఎంత సమయం పట్టిందో రాసుకోవాలి. ఈ పనిని డేటాబేస్ నిర్వాహకుడు (డీబీఏ) ఒక్కడికే వదలకుండా, అతను సెలవులో ఉన్నప్పుడు సర్వర్ గదికి వెళ్లాల్సిన మనిషి చేత కాగితం మీది సూచనలు చూసి చేయించాలి. ఆ సూచనల్లో ఎక్కడ తడబడితే అక్కడ దిద్ది, మళ్లీ చేయించాలి.